కోయని జామకాయ

"గడ్డం కొంచెం కిందికండి. కళ్ళు ఇటు. నవ్వొచ్చు, పళ్ళు మాత్రం కనబడకూడదు."

పందొమ్మిదేళ్ళుగా ఉదయ్ భాస్కర్ ఈ నాలుగు ముక్కలే చెబుతున్నాడు. హైటెక్ సిటీలో అయిదు టవర్ల ఆ క్యాంపస్‌లో ఎవరు కొత్తగా చేరినా ముందు అతని దగ్గరికే రావాలి. తెల్ల తెర ముందు స్టూలు మీద కూర్చుని ఫొటో దిగాలి. మిషన్లోంచి వెచ్చగా బయటికొచ్చిన ఐడీ కార్డు మెడలో వేసుకుని అప్పుడు లోపలికి పోవాలి. పై అంతస్తుల్లో గాజు గదుల్లో కూర్చునే పెద్దవాళ్ళు కూడా ఈ స్టూలు మీద కూర్చోకుండా పైకి పోలేదు. కానీ ఆ స్టూలు కంపెనీ గేట్లకు ఇవతల ఉంది. ఉదయ్ భాస్కర్ కుర్చీ, టేబులు, వెనక చిన్న గది కూడా ఇవతలే. కార్డు చూపిస్తే తెరుచుకునే ఆ గేట్లు దాటి అతను లోపలికి వెళ్ళిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

సోమవారం కావడంతో పొద్దున్నే పాతికమంది బారులు తీరారు. స్టూలు మీద కూర్చున్న అమ్మాయికి ఇరవై రెండేళ్ళుంటాయి. పళ్ళకి క్లిప్పులున్నాయి.

"ఇవి ఫొటోలో కనిపిస్తాయా సార్?"

"కనబడవండి. పెదాలు కలిపి నవ్వండి, చాలు."

నొప్పిగా ఉంటుందా అని అడగాలనిపించింది. నలభై ఏడేళ్ళవాడు, అందులోనూ ఫొటోలు తీసేవాడు, ఆ ప్రశ్న ఎందుకడుగుతాడు? కెమెరా నొక్కి, తర్వాతివాళ్ళని పిలిచాడు.

ఉదయ్ భాస్కర్ మొహం పొడుగు. కింది దవడ పై దవడని దాటి ముందుకొచ్చింది. వెనక దంతాలు కలుసుకుంటాయి గానీ ముందు పళ్ళు ఒకదాన్నొకటి ఎన్నడూ తాకలేదు. మధ్యలో చిటికెన వేలు దూరేంత సందు. పెదాలు మూసి ఉంచడం కూడా అతనికి ఒక పనే, అందుకే గడ్డం మీద చర్మం ఎప్పుడూ బిగుసుకుని ఉంటుంది. ఇరవై ఏళ్ళకే గుబురు మీసం పెంచాడు. అది కొంత కప్పింది. మిగతాది ఎడమ చేయి కప్పుతుంది. నవ్వొస్తే చాలు, ఎవరూ పిలవకుండానే ఆ చేయి లేచి నోటికి అడ్డం వస్తుంది.

అందరూ అతన్ని నోట్లో నాలుక లేనివాడంటారు. అది తప్పు. అతను పుట్టుకతో మంచి మాటకారి. చిన్నప్పుడు రామచంద్రపురంలో వీధి అరుగు ఎక్కి అందరి నడకలూ అనుకరించి చూపించేవాడట. బళ్ళో ఎవరో వెక్కిరించారు, తర్వాత ఇంకెవరో. అలా మాటలు ఒక్కొక్కటే మానుకున్నాడు. పెళ్ళిచూపుల్లో అడిగినదానికల్లా తల ఊపి ఊరుకుంటే, వాసంతి బుద్ధిమంతుడనుకుని ఒప్పుకుంది. ఈ సంగతి చుట్టాలందరి ముందూ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. అతనూ నవ్వుతాడు, చేయి అడ్డం పెట్టుకుని.

తిండి సంగతి మరీ కష్టం. ముందు పళ్ళు కలవని మనిషి దేన్నీ కొరకలేడు. చపాతీ అయినా బజ్జీ అయినా చేత్తో తుంచుకుని పక్క దంతాలకి అందించుకోవాలి. చేరిన అయిదేళ్ళకి ఎవరిదో పుట్టినరోజని పిజ్జా తెప్పించారు. అందరితో పాటు ముక్క తీసుకుని నోట్లో పెట్టి లాగితే, రొట్టె చేతిలో మిగిలి పైనున్న చీజంతా ఊడి వచ్చి గడ్డం మీద వేలాడింది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది, అందరూ ఒక్కసారిగా వేరే వైపు చూశారు. ఆ రోజు నుంచి అతని భోజనం వెనక గదిలోనే.

మూడు నెలల కిందట కూతురు రసజ్ఞకి క్లిప్పులు వేయించడానికి మదీనాగూడలోని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టర్ హరిత కూతురి నోరు చూసి, తర్వాత తండ్రి మొహం చూసి, "మీది కూడా సరిచేయొచ్చండి" అంది. వయసు దాటిపోలేదా అని అడిగితే ఆమె దాచకుండా చెప్పింది.

"వయసుతో పని లేదు. కానీ క్లిప్పులొక్కటే మీకు చాలవు. ఏడాదిన్నర క్లిప్పులు, తర్వాత హాస్పిటల్లో ఆపరేషన్. రెండు దవడలూ కోసి, సరైన చోటికి జరిపి బిగిస్తారు. ఆరు వారాలు జావలే. కింది పెదవి తిమ్మిరి కొంతమందికి అలాగే ఉండిపోతుంది. చేయించుకోకపోతే ప్రాణం మీదికేమీ రాదు. అందుకే ఎందుకు కావాలో మీరు ముందు తేల్చుకోండి. ఎవరో అన్నారని వచ్చినవాళ్ళు సగంలో మానేస్తారు."

ఒక కాగితం కూడా ఇచ్చింది. 'మీ ముఖ్యమైన ఇబ్బంది' అని పైన, కింద నాలుగు గళ్ళు: నమలడం, మాట, రూపం, ఇతరాలు. వాటి కింద రాసుకోవడానికి రెండు గీతలు. ఆ కాగితం మూడు నెలలుగా అతని సంచీలో నలుగుతోంది. రెండుసార్లు అపాయింట్‌మెంట్ తీసుకుని రెండుసార్లూ వాయిదా వేశాడు. ఈ సాయంత్రం ఆరున్నరకి మూడోసారి. ఈసారి కూడా రాకపోతే ఇక తాము ఫోన్ చేయబోమని క్లినిక్కువాళ్ళు మర్యాదగానే చెప్పారు.

వాసంతి వద్దనలేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి, దేనికైనా కారణం రాసి ఉండాలంటుంది. నిన్న బట్టలు మడతపెడుతూ అడిగింది. "ఇప్పుడు ఎందుకండీ? అందం మీదికి పోయిందా మనసు?"

"అదేం కాదు."

"మరి?"

అతను ఒక చొక్కా తీసుకుని మడతపెట్టాడు. ఆమె దుప్పటి కొసలు కలిపి అతని చేతికిచ్చి, రెండో వైపు తను పట్టుకుని, "నేను చేసుకుంది ఈ మొహాన్ని. రేపు ఇంకో మొహం ఇంట్లో తిరుగుతుంటే నాకు కొత్తగా ఉండదూ?" అంది. ఆ మాటలో ఎగతాళి లేదు.

పదిన్నరకి రోజూలాగే మెయిల్ వచ్చింది. ఆ క్యాంపస్‌ని వదిలిపోయినవాళ్ళ కార్డులు పనిచేయకుండా ఆపడం కూడా ఉదయ్ భాస్కర్ పనే. ఒక జాబితా వస్తుంది. అందులో పేర్లుండవు, అంకెలే. పక్కన కారణం ఉంటుంది: రాజీనామా, బదిలీ, గడువు, ఇతరాలు. కొత్తలో ఒక్కొక్క అంకే కొట్టి, తెర మీద ఫొటో వచ్చాక ఒక్క క్షణం చూసి అప్పుడు ఆపేవాడు. తను తీసిన ఫొటోకి తనే వీడ్కోలు చెప్పడం మర్యాద అనుకునేవాడు. మనుషులు ఎక్కువైపోయాక ఆ మర్యాదలు ఎవరికి కుదురుతాయి? ఇప్పుడు అంకెలన్నీ ఒకేసారి ఎంచి అతికిస్తాడు, ఒకే నొక్కు. ఈ రోజు ముప్పై ఏడు. బయట ఇంకా పదిమంది స్టూలు కోసం చూస్తుంటే జాబితా పని అర నిమిషంలో ముగించాడు.

ఒంటిగంటకి వెనక గదిలో క్యారియర్ విప్పాడు. ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది.

ఆ కుర్చీ మునిస్వామిది. గేటు దగ్గర సెక్యూరిటీ, చిత్తూరు వైపు మనిషి, యాభై ఆరేళ్ళు. భార్య రత్నమ్మతో మణికొండలో ఒక గదిలో ఉంటాడు. పధ్నాలుగేళ్ళుగా వాళ్ళిద్దరి భోజనం కలిసే. ఆ పిజ్జా నాడు వేరే వైపు చూడని మనిషి అతనొక్కడే. నేరుగా చూశాడు. మర్నాడు మధ్యాహ్నం తన డబ్బా పట్టుకుని ఈ గదిలోకొచ్చి, "ఈడ గాలి బాగుండాది సార్" అని కూర్చున్నాడు. ఆ గదికి కిటికీ లేదు.

వచ్చేటప్పుడు రోజూ ఒక జామకాయ తెచ్చేవాడు. సీజన్ కాకపోతే ఆపిల్, లేదా మామిడి. టేబులు సొరుగులో ఒక మడత కత్తి ఉండేది. ఎవరో తనిఖీలో వదిలేసి పోయారు, ఏడాది దాకా అడగడానికి ఎవరూ రాలేదు. "లోపలికి తీసుకపోతే తప్పు. మనం ఈ పక్కోళ్ళమే కదా సార్" అని మునిస్వామి దాన్ని ఈ సొరుక్కి చేర్చాడు. ఆ కత్తితో కాయని సన్నటి బద్దలుగా కోసి, ఉప్పూ కారం చల్లి, మూత మీద పెట్టి ఉదయ్ వైపు జరిపేవాడు. ఇంత సన్నగా ఎందుకు కోస్తున్నాడో ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకని ఉదయ్ అడగలేదు. పధ్నాలుగేళ్ళు ఆ విషయం వాళ్ళ మధ్య మూత తీయని డబ్బాలా ఉండిపోయింది.

ఆ గదిలో మాత్రం ఉదయ్ భాస్కర్ నోరు తెరిచేవాడు. పై అంతస్తుల మేనేజర్లు గేటు దగ్గర కార్డు మర్చిపోయి జేబులు తడుముకునే తీరు అనుకరించి చూపిస్తే మునిస్వామి పొట్ట పట్టుకుని నవ్వేవాడు. అతనికి ముందు పళ్ళు రెండు లేవు. ఆ సంగతి అతనికి గుర్తున్నట్టే ఉండదు. మొదటిసారి కార్డు ఫొటోకి కూర్చున్నప్పుడు నోరంతా తెరిచి నవ్వాడు. పళ్ళు కనబడకూడదని చెబితే, "లేని పళ్ళు యాడ కనబడతాయి సార్? నవ్వకుంటే నేనని ఎట్ల తెలుస్తాది?" అన్నాడు. ఉదయ్ ఆ ఫొటోనే ఉంచేశాడు. పందొమ్మిదేళ్ళలో అతను నిబంధన దాటింది ఆ ఒక్కసారే.

శుక్రవారం, దవడ ఆపరేషన్ సంగతి మునిస్వామికి చెప్పాడు. వాసంతికి చెప్పడం కన్నా అదే కష్టమైంది. ఇన్నేళ్ళూ ఎత్తని మాట ఎత్తాలి కదా. మునిస్వామి కోయడం ఆపకుండా అంతా విన్నాడు. ఎముక కోస్తారనే దగ్గర మాత్రం కత్తి ఒక్క క్షణం నిలిచింది.

"ఐతే ఇంక నాతో మీకు పనుండదు" అన్నాడు, నవ్వుతూ.

"చేయించుకోమంటారా, వద్దంటారా?"

"నేను చెప్పేదేముండాది సార్. మీ నోరు, మీ ఇష్టం." బద్దలు జరిపాడు. చేతిలో రెండో కాయ ఉంది, ఇంకా పచ్చిది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి సొరుగులో పెట్టాడు. "ఇది సోమవారానికి పండతాది. మీ పని అయిపోయినాక మొదటి కాయ నేనే తెస్తా. కోయను. అట్లే ఇస్తా."

ఆ కాయ ఇప్పుడు పండింది. సొరుగు లాగగానే గదంతా వాసన. ఉదయ్ ఒకటిన్నర దాకా చూసి, గేటు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ తెలియని మనిషి నిలబడి ఉన్నాడు. జేబు మీద నర్సయ్య అని ఉంది.

"మునిస్వామి గారు రాలేదాండి?"

"నాకు ఎర్క లేదు సార్. నేను గచ్చిబౌలి బిల్డింగుల ఉంటి. పొద్దుగాల ఫోన్ జేసి జర ఇటు పొమ్మన్నరు."

మునిస్వామి ఫోన్ స్విచ్ ఆఫ్. అది వింత కాదు, చార్జింగు పెట్టడం అతనికి గుర్తుండదు. ఉదయ్ కంప్యూటర్లో అతని నంబరు కొట్టి చూశాడు. నవ్వుతున్న ఫొటో, కింద ఎర్ర అక్షరాల్లో 'కార్డు పనిచేయదు' అని. చూడగానే విషయం అర్థమైపోయిందనుకున్నాడు. సెక్యూరిటీ ఏజెన్సీ పంపే మనుషుల కార్డులకి మూడు నెలల గడువు. నవంబరు ఆఖరుతో అయిపోతుంది, ఇవాళ డిసెంబరు ఒకటి. పొడిగించమని కాగితం పంపడం ఏజెన్సీ మర్చిపోవడం, మునిస్వామి గేటు దగ్గర ఆగిపోవడం ప్రతిసారీ ఉన్నదే. పొద్దున వచ్చి, కార్డు పనిచేయక, ఏజెన్సీ ఆఫీసుకి తిరుగుతూ ఉంటాడు పాపం.

ఉదయ్ తనే గడువు పొడిగించేశాడు. పాత కార్డు అంచులు అరిగిపోయాయని గుర్తొచ్చి కొత్తది కూడా అచ్చు వేశాడు. మిషన్లోంచి వెచ్చగా వచ్చిన కార్డుని అరచేతిలో పెట్టుకుని, చొక్కాతో తుడిచి, సొరుగులో కత్తి పక్కన పెట్టాడు. తెర మీద ఎర్ర అక్షరాలు పచ్చగా మారాయి. ఒకటీ నలభై అయింది. కత్తి తీసి కాయ తనే కోసుకుందామా అనుకున్నాడు గానీ చేయి పోలేదు. వస్తాడులే అని సొరుగు మూశాడు.

మధ్యాహ్నమంతా కొత్తవాళ్ళు వస్తూనే ఉన్నారు. గడ్డం కిందికండి, కళ్ళు ఇటు. మధ్యమధ్యలో సంచీలోంచి ఆ కాగితం తీసి చూసేవాడు. నమలడం అని రాస్తే అబద్ధం, వెనక దంతాలతో బాగానే నములుతాడు. మాట అని రాస్తే పేరు పెట్టేంత లోపం లేదు. రూపం అని రాయడానికి సిగ్గు. పెళ్ళికెదిగే కూతుర్ని పెట్టుకుని రూపమేమిటి? ఇవేవీ కాకపోతే మరెందుకు? ఈసారి కూడా వెళ్ళలేనేమో అనిపించింది. కాగితం మళ్ళీ మడిచాడు.

నాలుగూ పదికి ఏజెన్సీ సూపర్‌వైజర్ ప్రశాంత్ వచ్చాడు. కర్నూలు కుర్రాడు, ఎప్పుడూ రెండు ఫోన్లతో పరుగులో ఉంటాడు. ఇవాళ రెండూ జేబులోనే ఉన్నాయి.

"సార్, మునిస్వామి కార్డు మళ్ళీ యాక్టివ్ అయిందని మాకు అలర్ట్ వచ్చింది. ఏమైనా పొరపాటా?"

"గడువు అయిపోతే నేనే పొడిగించానండి. మీవాళ్ళు కాగితం పంపలేదు. పాపం ఎక్కడ తిరుగుతున్నాడో."

ప్రశాంత్ అతని మొహంలోకి చూశాడు. "పొద్దున లిస్టులో పంపినాం కదా సార్."

ఉదయ్ ఆ మెయిల్ కోసం తెర వైపు తిరిగాడు.

"మీకు తెలుసనుకున్నా. శనివారం రాత్రి పోయినాడు సార్. అన్నం తింటా తింటా గుండె పట్టుకున్నాడంట, దవాఖానాకు పోయేలోపలే... నిన్న రత్నమ్మ వాళ్ళు ఊరికి తీసుకపోయినారు. అన్నీ అయిపోయినాయి."

ఉదయ్ భాస్కర్ పొద్దుటి జాబితా తెరిచాడు. ఈసారి ఒక్కొక్క అంకే వేలు పెట్టి చూశాడు. పందొమ్మిదో వరుసలో ఉంది. పక్కన కారణం: ఇతరాలు. తన చేత్తోనే ఆపాడు, మొహం కూడా చూడకుండా. మళ్ళీ తన చేత్తోనే బతికించాడు. ఒకటీ నలభై నుంచి నాలుగూ పది దాకా, ఆ కంప్యూటర్లోనైనా సరే, మునిస్వామి ఉన్నాడు.

"కొత్త కార్డు ఏమైనా ఇచ్చినారా సార్? కట్ చేసి ఇచ్చేయండి, రికార్డుకు కావాల."

వదిలిపోయినవాళ్ళ కార్డు కత్తిరించడం నిబంధన. ఉదయ్ సొరుగు తీసి కార్డు బయటపెట్టాడు. కత్తెర నవ్వు మీద పడబోతుంటే పక్కకి జరిపి, అంకెల మీదుగా కోశాడు. రెండు ముక్కలూ ప్రశాంత్ చేతికిచ్చాడు. కుర్రాడు వాటిని కవర్లో వేసుకుని, వెళ్ళబోయి ఆగి, "మీ గురించి చానా చెప్పేవాడు సార్. మా సారు నాటకాలు ఆడి నవ్విస్తాడు అని. మేం నమ్మేవాళ్ళం కాదు" అన్నాడు.

అతను వెళ్ళాక ఉదయ్ మునిస్వామి నంబరు మళ్ళీ కొట్టి, ఫొటోని చాలాసేపు చూశాడు. అప్పుడు ఆపాడు.

అయిదుంపావుకి వాసంతి ఫోన్ చేసింది. "వెళ్తున్నారా, మళ్ళీ వాయిదానా?"

"మునిస్వామి పోయాడు."

వాసంతి ఆయన్ని ఎన్నడూ చూడలేదు. "జామకాయల ఆయనా?"

"ఆ."

"అయ్యో." ఆ వెంటనే, "నేను క్లినిక్ దగ్గరికొస్తాను. మీరు అక్కడికే రండి. చేయించుకోకపోయినా ఫర్వాలేదు, కలిసి ఇంటికి పోదాం" అంది.

కత్తి చొక్కా జేబులో, కాయ సంచీలో వేసుకుని బయటపడ్డాడు. కొత్తగూడ బస్‌స్టాపులో జనం. ఆఫీసుల నుంచి దిగినవాళ్ళు ఎవరి ఫోన్లో వాళ్ళు మునిగి ఉన్నారు. ఉదయ్ భాస్కర్ బెంచీ చివర కూర్చుని జామకాయ బయటికి తీశాడు. ఆ పిజ్జా రోజు తర్వాత నలుగురి ఎదుట అతను ఏదీ నోట పెట్టుకున్నవాడు కాదు. చేయి అడ్డం పెట్టుకోకుండా, రెండు చేతులతో కాయ పట్టుకుని, కొరికాడు.

పై పళ్ళు తోలు మీద దిగాయి. కింది పళ్ళు ఎక్కడో దూరంగా ఉండిపోయాయి. దవడ ముందుకి తోసి, ఒకపక్కకి వంచి మళ్ళీ ప్రయత్నించాడు. రసం కాస్త నాలుకకి తగిలింది, అంతే. కాయ మీద రెండు గీతలు పడ్డాయి. మునిస్వామి ఉంటే ఈపాటికి చేయి చాచి కాయ తీసుకుని, మాట్లాడకుండా కోసి పెట్టేవాడు. అది తలచుకోగానే ఉదయ్‌కి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. పక్కన కూర్చున్నాయన ఫోన్లోంచి తలెత్తి చూసి, కాస్త జరిగి చోటిచ్చాడు.

క్లినిక్కులో వాసంతి ముందే వచ్చి కూర్చుంది. అతను పక్కన కూర్చుని సంచీలోంచి కాగితం తీసి, ఆమె బ్యాగులోంచి పెన్ను అడిగాడు. నమలడం, మాట, రూపం గళ్ళు దాటి 'ఇతరాలు' దగ్గర టిక్కు పెట్టాడు. కింద మొదటి గీత మీద నెమ్మదిగా రాశాడు. 'జామకాయ కొరకలేను.'

వాసంతి పక్కనుంచి చదివింది. ఆఫీసులో వేల కాగితాలు చదివిన మనిషి, ఆ రెండు మాటలనీ మళ్ళీ చదివింది.

"ఇన్నేళ్ళూ నాతో అనలేదేం?"

"ఇంట్లో ఎప్పుడూ అవసరం పడలేదు. నువ్వు అన్నీ చిన్న ముక్కలుగా తరుగుతావుగా."

ఆమె ఆలోచించింది. "అవును. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టాను. ఎందుకో కూడా మర్చిపోయాను" అంది. తర్వాత కాగితం అతని చేతిలోంచి తీసుకుని, సంచీలో నలిగిన మడతలు తొడ మీద పెట్టి అరచేత్తో సాపు చేసి, తనే లేచి కౌంటర్లో ఇచ్చి వచ్చింది.

డాక్టర్ హరిత ఆ కాగితం చూసి నవ్వలేదు. "ఇది చాలు" అంది. "ముందు ఎక్స్‌రే తీద్దాం. క్లిప్పులు ఈ రోజే మొదలుపెడదాం."

ఎక్స్‌రే గదిలో ఉన్న అమ్మాయి అతని ముందు ఒక ప్లాస్టిక్ ట్రే పెట్టింది. "కళ్ళజోడు, వాచీ, మెడలో కార్డు, జేబులో ఉన్నవన్నీ ఇందులో పెట్టేయండి సార్." అతను ఒక్కొక్కటే తీసి పెట్టాడు. ఆఖరున కత్తి. ఆమె కత్తి వైపు, అతని వైపు చూసి, ట్రేని బల్ల మీద పెట్టింది.

మిషన్ దగ్గర నిలబెట్టి రెండు పిడులు పట్టుకోమంది. "గడ్డం ఇక్కడ ఆనించండి సార్. కొంచెం కిందికి. కళ్ళు ఇటు. కదలకూడదు, నవ్వకూడదు."

ఉదయ్ భాస్కర్‌కి నవ్వొచ్చింది. ఈ సంగతి రేపు మధ్యాహ్నం ఎవరికి చెప్పాలి అనుకున్నాడు, అయినా నవ్వు ఆగలేదు. ఎడమ చేయి లేవబోయింది గానీ పిడిని పట్టుకుని ఉంది. నోరంతా తెరిచి నవ్వాడు, కళ్ళు తుడుచుకునే వీలు కూడా లేకుండా.

"ఫర్వాలేదు సార్, నవ్వడం అయ్యాక తీద్దాం" అని ఆ అమ్మాయి బటన్ మీంచి చేయి తీసి, గోడకి ఆనుకుని నిలబడింది.

బల్ల మీద ట్రేలో, కళ్ళజోడుకీ కార్డుకీ మధ్య, ఆ మడత కత్తి మూసి ఉంది. శుక్రవారం కోసిన జామకాయ గింజ ఒకటి దాని మడతలో ఎండి అతుక్కుని ఉంది.